మండపేట ఆయకట్టులో వరి కాపలా

ధవళేశ్వరం దగ్గర గోదావరిని వదిలి తూర్పు డెల్టా కాలువ వెంట మండపేటకు వెళ్ళే దారిలో మొదట పలకరించేవి కడియం నర్సరీలు. కడియపులంక దాకా రోడ్డుకు రెండు పక్కలా గులాబీలు, మందారాలు, క్రోటన్లు, అంటుమామిళ్ళు, పేరు తెలియని విదేశీ తాళజాతులు. ఏ రెండు మళ్ళూ ఒకలా ఉండవు. ద్వారపూడి రైల్వే స్టేషను దాటి దక్షిణానికి తిరిగితే కాసేపట్లోనే ఈ వైవిధ్యమంతా మాయమవుతుంది. ఇక కనుచూపు మేర ఒకే మొక్క, ఒకే ఎత్తు, ఒకే రంగు. గట్ల మీద కొబ్బరి చెట్లు, బోదెల్లో నీళ్ళు, మధ్యలో వరి. తాపేశ్వరం కాజా దుకాణాల దగ్గర ఆగే బస్సుల్లో కిటికీ పక్కన కూర్చున్న వాళ్ళకు ఈ పచ్చదనం కంటికి ఇంపుగా ఉంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. ఆ పచ్చదనంలో ఉన్న ఏకరూపత మాత్రం వరికి పట్టే బూజు తెగుళ్ళకు అత్యంత అనుకూలమైన నేల. ఈ దారి పొడుగునా కనిపించేదాన్ని ఆధారంగా చేసుకుని ఒక్క మాట నిరూపించాలన్నది ఈ వ్యాసం ప్రయత్నం. వరి మొక్క తన జన్యువులతో తనను తాను కాపాడుకోగలదు. అయితే ఆ కాపలా ఎంతకాలం నిలుస్తుందన్నది ఒక మొక్కలోనో ఒక ఎకరంలోనో తేలే సంగతి కాదు, మొత్తం ఆయకట్టులో ఏ జన్యువులు ఎలా పరుచుకుని ఉన్నాయన్న దాన్ని బట్టే తేలుతుంది.

ఈ ఏకరూపతకు చరిత్ర ఉంది. ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాలు క్రమంగా కాలువ నీటి కిందికి వచ్చాయి. అంతకు ముందు వానను, వరదను, చేను పల్లాన్ని బట్టి ఒక్కో ఊరు ఒక్కో రకం వేసుకునేది. అక్కుళ్ళు, బాసంగి, కృష్ణకాటుకలు లాంటి పేర్లు పెద్దవాళ్ళ నోట ఇంకా వినిపిస్తాయి. నీరు ఒకే తీరున అందడం మొదలయ్యాక రకాలు కూడా ఒకే తీరుకు రావడానికి దారి పడింది. అవతలి గోదావరి ఒడ్డున మార్టేరులో 1925లో మొదలైన వరి పరిశోధన కేంద్రం 1982లో ఎంటీయూ 7029ని విడుదల చేసింది. అదే స్వర్ణ. వశిష్ఠ, మసూరి రకాల సంకరం. నాలుగేళ్ళకు బాపట్ల నుంచి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వచ్చింది. దాని తాతముత్తాతల్లోనూ మసూరి ఉంది. ఒకటి దిగుబడికి పేరు మోసింది, రెండోది అన్నం నాణ్యతకు. స్వర్ణ ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పాకింది. మండపేట లాంటి మిల్లుల ఊళ్ళలో గింజ ఏకరీతిగా ఉంటే ధర, ఆడేటప్పుడు నూక తక్కువ పడితే లాభం. కాబట్టి రైతు ఏ రకం వేయాలన్నది విత్తనాల కొట్లో కంటే ముందే మిల్లు కాటా దగ్గర సగం నిర్ణయమైపోతుంది. దీనికి మిల్లు యజమానిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. కేరళకు బొండాలనే లావు రకం బియ్యం పంపినా, కాకినాడ రేవు నుంచి ఓడకెక్కించినా, కొనేవాడు అడిగేది ఒకే రకం గింజ.

దాళ్వా, అంటే రబీ చేలో జనవరి, ఫిబ్రవరి నెలల ఉదయం ఒక వరి ఆకును చేతిలోకి తీసుకుని చూస్తే వరికీ శిలీంధ్రానికీ మధ్య పోరాటం కంటికి ఆనుతుంది. రాత్రి చలి, తెల్లవారుజామున మంచు, ఆకు మీద గంటల తరబడి ఆరని తడి. వరి బూజు తెగుళ్ళలో ఒకటైన అగ్గితెగులుకు కావలసింది సరిగ్గా ఇదే. తెగులు సోకిన ఆకు మీద మచ్చ రెండు కొనల దగ్గర సన్నగా, నడుమ వెడల్పుగా నూలు కండె ఆకారంలో ఉంటుంది. అంచు గోధుమ రంగు, మధ్యలో బూడిద రంగు. ఆ బూడిద రంగు భాగం చచ్చిన కణజాలం, దాని మీదే శిలీంధ్రం సిద్ధబీజాలను తయారుచేస్తుంది. ఒక్క మచ్చ నుంచి రోజుకు వేల బీజాలు గాలికి లేస్తాయి. కొత్త ఆకు మీద వాలిన బీజం ముందుగా జిగురుతో అతుక్కుంటుంది, మొలకెత్తుతుంది, మొలక చివర గుండ్రని బుడిపె ఒకటి కడుతుంది. దాన్ని అప్రెసోరియం అంటారు. ఆ బుడిపె గోడకు నల్లటి మెలనిన్ పూత పూసుకుని లోపల గ్లిసరాల్ నింపుకుంటుంది. నీరు లోపలికి చొరబడి పీడనం 80 వాతావరణాల దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడితో సన్నని మేకు లాంటి పోగు ఆకు పైపొరను చీల్చుకుని కణంలోకి దిగుతుంది. నాలుగైదు రోజుల్లో కొత్త మచ్చ సిద్ధం. ఆకుల మీద ఇలా మొదలైనది వెన్ను మెడ దగ్గరికి చేరితే మెడ విరుపు అంటాం. అప్పటికి గింజ పాలు పోసుకునే దశ. మెడ కుళ్ళాక పైకి పోవలసిన ఆహారం ఆగిపోయి తాలు గింజలే మిగులుతాయి.

అదే గాలి, అదే మంచు, అదే బీజాలు ఉన్నా పక్క మడిలో వేరే రకం ఆకు మీద నూలు కండె మచ్చ కనిపించకపోవచ్చు. దగ్గరగా చూస్తే గుండుసూది మొనంత గోధుమ రంగు చుక్కలు కొన్ని కనిపిస్తాయి. అవి పెరగవు, వాటి మధ్యలో బూడిద రంగు రాదు, బీజాలు పుట్టవు. శిలీంధ్రం దిగిన కణం, దాని ఇరుగుపొరుగు కణాలు తమను తామే చంపుకున్న గుర్తులవి. బతికున్న కణంలో తప్ప తొలిదశలో పెరగలేని ఈ శిలీంధ్రానికి చచ్చిన కణం సమాధి అవుతుంది. మొక్క ఇంత కచ్చితంగా ఎక్కడ, ఎప్పుడు చావాలో ఎలా తెలుసుకుంటుందన్నదే ఇందులో అసలు ప్రశ్న. జవాబు రెండు అంచెల్లో ఉంది. మొదటి అంచె కణం పైపొర దగ్గర. శిలీంధ్రపు గోడలో కైటిన్ అనే పదార్థం ఉంటుంది, వరిలో ఉండదు. వరి కణం పైపొరలో సీబిప్ అనే ప్రోటీను కైటిన్ ముక్కలను పట్టుకుంటుంది. 2006లో జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించారు. అది పట్టుకోగానే లోపలికి హెచ్చరిక వెళ్ళి గోడలు గట్టిపడతాయి, విష పదార్థాలు తయారవుతాయి. చాలా శిలీంధ్రాలు ఇక్కడే ఆగిపోతాయి. అగ్గితెగులు శిలీంధ్రం ఆగదు. స్లప్1 అనే ప్రోటీనును వదిలి తన కైటిన్ ముక్కలను వరికి దొరకకుండా తానే చుట్టబెడుతుంది. ఇంకా వేరే ప్రోటీన్లను కణంలోకి ఒకటి తర్వాత ఒకటి పంపి మొక్క రక్షణను లోపలి నుంచి నీరుగారుస్తుంది.

అక్కడ రెండో అంచె మొదలవుతుంది. వరి జన్యుసమూహంలో సుమారు 500 జన్యువులు కణం లోపలి కాపలా ప్రోటీన్లను తయారుచేయడానికే ఉన్నాయి. శిలీంధ్రం పంపిన ప్రత్యేక ప్రోటీనును గుర్తుపట్టడం, గుర్తుపట్టగానే కణం చావుకు ఆజ్ఞ ఇవ్వడం వాటి పని. ఒక కాపలా జన్యువుకు శత్రువులో ఒక జోడీ జన్యువు ఉంటుందన్న సూత్రాన్ని అమెరికాలో నార్త్ డకోటాలో హెచ్.హెచ్. ఫ్లోర్ 1940లలోనే అవిసె పంటకు పట్టే కుంకుమ తెగులు మీద పనిచేసి నిరూపించాడు. డీఎన్ఏ నిర్మాణం ఇంకా తెలియని కాలమది. వరి విషయంలో ఆ సూత్రం ఎంత సన్నని దారం మీద నిలబడి ఉందో పిటా జన్యువు చూపిస్తుంది. అది తయారుచేసే ప్రోటీనులో 928 అమైనో ఆమ్లాలుంటాయి. అందులో 918వ స్థానంలో అలనీన్ ఉంటే మొక్క తట్టుకుంటుంది, సెరీన్ ఉంటే లొంగిపోతుంది. 2000 సంవత్సరంలో ఈ సంగతి బయటపడింది. మరో కాపలా జన్యువు పిక్ పనితీరు ఇంకా ఆశ్చర్యకరం. శిలీంధ్రం సాధారణంగా వరి కణంలోని ఒక రకం ప్రోటీన్లను పట్టుకోవాలని చూస్తుంది. అచ్చం అలాంటి ముక్కనే పిక్ తన ప్రోటీనులో ఇముడ్చుకుని కూర్చుంది. కాలువలో గాలానికి గుచ్చిన ఎర లాగా. శత్రువు ఆ ముక్కను పట్టుకున్న క్షణమే తాను పట్టుబడుతుంది. ప్రయోగశాలలు పుట్టడానికి ఎంతో ముందు, ఎవరూ చూడని వేల పంటకాలాల్లో వరి తనంతట తాను సాధించుకున్న పనితనమిది.

ఇంత పదునైన కాపలా ఉండగా తెగులు ఎందుకు తిరిగి వస్తోందంటే, ఆ పదునే దాని బలహీనత కూడా. కాపలా ప్రోటీను ఒకే గుర్తును వెతుకుతుంది. ఆ గుర్తును వదిలించుకున్న శిలీంధ్రం దానికి కనిపించదు. పిటా వెతికే గుర్తు, శిలీంధ్రపు క్రోమోజోము కొస దగ్గర ఉంటుంది. క్రోమోజోము కొసలు తేలిగ్గా తెగి పోయే చోట్లు. కోట్ల బీజాల్లో ఏ ఒక్కటి ఆ ముక్కను పోగొట్టుకున్నా చాలు. చుట్టూ రకరకాల వరి ఉంటే ఆ ఒక్క బీజానికి పెద్ద లాభం లేదు, నాలుగు చేలు దాటేసరికి ఇంకో కాపలా ఎదురవుతుంది. చుట్టూ ఒకే రకం ఉంటే దానికి ఊరూరూ తెరిచిన తలుపే. దక్షిణ కొరియా అనుభవం ఇందుకు పెద్ద సాక్ష్యం. 1970ల మొదట్లో తోంగిల్ కుటుంబపు వరి రకాలు అధిక దిగుబడితో, అగ్గితెగులును తట్టుకునే శక్తితో వచ్చాయి. దేశంలో వరి విస్తీర్ణంలో సగానికి పైగా అవే ఆక్రమించాయి. 1978లో వాటి నిరోధాన్ని దాటే శిలీంధ్ర తెగలు విజృంభించి ఆ రకాలే దెబ్బతిన్నాయి. జన్యువు పాడవలేదు, అది అంతకు ముందు ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని పరిచిన తీరే దాన్ని పనికిరాకుండా చేసింది. మండపేట చుట్టుపక్కల ఏ నిరోధక రకం వేసినా దాని ఆయువును లెక్కగట్టవలసింది ఈ లెక్కతోనే.

ఒక్క జన్యువు చాలాకాలం నిలిచిన సందర్భాలు కూడా ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి. వియత్నాం రకమైన తెతెప్ నుంచి పిటా అమెరికాలోని ఆర్కన్సాకు చేరి 1989లో కేటీ అనే రకంగా విడుదలైంది. సుమారు పదిహేనేళ్ళు అక్కడి చేలను అది కాపాడింది. 2004లో బ్యాంక్స్ అనే కొత్త రకం మీద దాన్ని దాటిన తెగ కనిపించింది. ఆర్కన్సాలో ఏడాదికి ఒక్క వరి పంట, తర్వాత చలికాలం, చాలాచోట్ల సోయా చిక్కుడుతో పంట మార్పిడి. గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) కోతలైన కొద్ది వారాలకే దాళ్వా ఊడ్పులు. కొయ్యకాళ్ళలో, గడ్డిలో, గట్ల మీది కలుపులో శిలీంధ్రం ఆగకుండా బతికే వీలుంది. కాలువలు కట్టేసే వేసవి రెండు నెలలే దానికి విరామం. అక్కడ పదిహేనేళ్ళు నిలిచింది ఇక్కడ అన్నేళ్ళు నిలుస్తుందనుకోవడానికి ఆధారం లేదు. అదే తెతెప్ నుంచి వచ్చిన మరో జన్యువు మనకు మరింత దగ్గరిది. పి54ను భారతీయ శాస్త్రవేత్తలు 2005లో 11వ క్రోమోజోము మీద గుర్తించి విడదీశారు. వరి జన్యుసమూహాన్ని చదివిన అంతర్జాతీయ కృషిలో మన దేశానికి వచ్చిన వంతు కూడా 11వ క్రోమోజోములోని భాగమే. ఆ కృషి ఫలితమూ, అగ్గితెగులు శిలీంధ్రపు జన్యుసమూహమూ కొద్ది నెలల తేడాతో 2005లోనే ప్రచురితమయ్యాయి. అంటే ఇరవై ఏళ్ళుగా ఈ యుద్ధంలో రెండు పక్షాల పటాలూ మన చేతిలో ఉన్నాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి సాంబ మసూరిలో ఎండాకు తెగులుకు మూడు జన్యువులు పేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని తెచ్చాయి. అది బాక్టీరియా తెగులుకు. అగ్గితెగులు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చే పని కూడా అదే పద్ధతిలో జరిగింది. గింజ మారకుండా జన్యువు చేర్చవచ్చన్నది ఇక వాదించవలసిన విషయం కాదు.

మందు ఉండగా ఈ శ్రమంతా ఎందుకన్నది రైతులు సహజంగా అడిగే ప్రశ్న. ట్రైసైక్లాజోల్ బాగా పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. అది పనిచేసే తీరు కూడా చక్కనిది. శిలీంధ్రం తన బుడిపెకు పూసుకునే మెలనిన్ పూతను అది ఆపేస్తుంది. పూత లేని బుడిపె పీడనాన్ని నిలుపుకోలేదు, ఆకులోకి దిగలేదు. అంటే ఈ మందు రోగం రాకముందే ఆకు మీద ఉండాలి. మెడ విరుపు కనిపించాక కొట్టడం డబ్బు నీళ్ళలో పోయడమే. వెన్ను తొంగిచూసే ఆ నాలుగైదు రోజుల్లో మబ్బు పట్టి జల్లు పడితే కొట్టిన మందు కడుక్కుపోతుంది, కూలీలు దొరక్కపోతే అసలు కొట్టడమే కుదరదు. ఈ డెల్టాలో చేలో దిగేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదారులు. పంట ఎలా పండినా కౌలు బస్తాలు కొలవవలసిందే. రెండోసారి మందు కొట్టాలా వద్దా అన్న నిర్ణయం వాళ్ళ ఇంటి ఖర్చును నేరుగా కోస్తుంది. బాస్మతి రైతులు ఇంకో దెబ్బ కూడా తిన్నారు. యూరోపియన్ యూనియన్ 2018 నుంచి బియ్యంలో ట్రైసైక్లాజోల్ అవశేష పరిమితిని కిలోకు 0.01 మిల్లీగ్రాముకు తగ్గించింది. అంతకు ముందు ఆ పరిమితి 1 మిల్లీగ్రాము. ఆ తర్వాత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పి2, పి54 జన్యువులున్న పూసా బాస్మతి 1847 లాంటి రకాలను 2021లో విడుదల చేసింది. మార్కెట్టు తలుపు మూసుకుంటే జన్యువు దారి తెరుచుకుంది. స్వర్ణ, దాళ్వా రకాలు పండించే వాళ్ళకు అలాంటి తలుపు మూసుకునే దాకా ఆగడం న్యాయమా?

మిల్లుకు ఒకే గింజ కావాలి, జన్యువులేమో పలురకాలుగా ఉండాలి. ఈ రెండూ పొసగవన్నదే నా వాదనకు అన్నిటికంటే బలమైన అభ్యంతరం. చైనాలోని యున్నాన్‌లో 1998, 1999లలో జరిగిన పెద్ద ప్రయోగాన్ని తరచూ ఉదాహరిస్తారు. తెగులుకు లొంగే జిగట వరిని హైబ్రిడ్ వరుసల మధ్య నాటారు. రెండో ఏడు 3 వేల హెక్టార్లకు పైగా వేశారు. విడిగా వేసిన జిగట వరితో పోలిస్తే కలిపి వేసినదానిలో అగ్గితెగులు 94 శాతం తగ్గింది, దిగుబడి 89 శాతం పెరిగింది. శిలీంధ్ర నాశనులు వాడటం ఆపేశారు. ఫలితం గొప్పదే, కానీ అక్కడ రెండు రకాలను చేత్తో విడివిడిగా కోశారు. కోత యంత్రాలు పగలూ రాత్రీ తిరిగే మండపేట చేలల్లో అది సాగదు. అభ్యంతరం ఇక్కడి దాకా నిజం. జపాన్‌లో నీగాతా ప్రాంతం వేరే దారి చూపింది. అక్కడి పేరుమోసిన రకం కోషిహికారిని మళ్ళీ మళ్ళీ వెనక్కి సంకరపరిచి, గింజలో, ఎత్తులో, పంటకాలంలో తేడా రాకుండా ఒక్కోదానిలో ఒక్కో అగ్గితెగులు జన్యువు ఉన్న తోబుట్టువుల్లాంటి పంక్తులు తయారుచేశారు. వాటి విత్తనాన్ని కలిపి 2005 నుంచి ఆ ప్రాంతమంతటా ఇచ్చారు. శిలీంధ్ర తెగలు మారుతున్న కొద్దీ కలిపే పంక్తులనూ పాళ్ళనూ మారుస్తారు. మొదట్లో రుచి మారిందన్న విమర్శ వచ్చింది. అయినా పద్ధతి నిలిచింది, అగ్గితెగులు మందుల వాడకం బాగా తగ్గింది. మిల్లులోకి పోయేది ఒకే గింజ, చేలో నిలబడేది పలు కాపలాలు. మార్టేరులో, రాజేంద్రనగర్‌లో జన్యు గుర్తుల సాయంతో రకాలను తీర్చిదిద్దే నైపుణ్యం ఇప్పటికే ఉంది కాబట్టి డెల్టాకు ఇది దూరపు కల కాదు. మనకు అలవాటు లేనిదల్లా ఒక రకాన్ని విడుదల చేశాక కూడా అందులోని విత్తనపు పాళ్ళను ఏటేటా చూసుకునే పద్ధతి. రకం అంటే ఒకేలా ఉండాలన్న విత్తన నిబంధనలకు కూడా ఇందుకోసం కొంత సర్దుబాటు కావాలి.

కాపలా పెంచితే దిగుబడి తగ్గుతుందన్న అనుమానానికి శాస్త్రంలో ఆధారం ఉంది. కాపలా ప్రోటీను పొరపాటున మేలుకుంటే ఆరోగ్యంగా ఉన్న కణాలే చస్తాయి. చైనా రకం గూమె 4లోని పిగమ్ జన్యు సముదాయం ఈ ముడిని ఎలా విప్పుకుందో 2017లో తెలిసింది. అందులో ఒక జన్యువు తెగులును బలంగా అడ్డుకుంటుంది, కానీ గింజ బరువును తగ్గిస్తుంది. దాని పక్కనే ఉన్న మరో జన్యువు ఆ బలాన్ని కొంత అణచి, పుప్పొడి దగ్గర ఎక్కువగా పనిచేసి గింజ కట్టడాన్ని పెంచుతుంది. రెండూ కలిసి నష్టాన్ని పూడ్చుకుంటాయి. జపాన్ మెట్ట వరిలోని పి21 మరో పాఠం చెబుతుంది. అది శత్రువును గుర్తుపట్టే జన్యువు కాదు. మామూలు వరిలో మొక్క రక్షణను నెమ్మదింపజేసే జన్యువొకటి ఉంది, ఈ మెట్ట వరిలో దానిలో కొంత భాగం తెగిపోయి ఆ నెమ్మది తగ్గింది. నిరోధం పూర్తిగా రాదు, కానీ ఏ ఒక్క శిలీంధ్ర తెగకూ పరిమితం కాకపోవడంతో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మరి ఇన్నాళ్ళూ దాన్ని ఎందుకు వాడుకోలేదు? దాని పక్కనే అన్నం రుచిని చెడగొట్టే జన్యువు అంటుకుని ఉంది. 2009లో ఆ రెంటినీ విడదీయగలిగారు. పదునైన కాపలాలు రెండు మూడు, వాటి అడుగున ఇలాంటి మొద్దుబారని పాక్షిక నిరోధం ఒకటి పేర్చితే దిగుబడినీ ఆయువునూ కలిపి కాపాడవచ్చు.

వాదన అంతటితో గెలిచిందనుకోవడానికి లేదు. సార్వాలో మండపేట చుట్టూ రైతును ఎక్కువగా వేధించేది అగ్గితెగులు కాదు, పాముపొడ. నీటి మట్టానికి కాస్త పైన తొడిమ మీద ఆకుపచ్చ బూడిద రంగు మచ్చలు మొదలై, కలిసిపోయి, పాము చర్మం మీది పొడల్లా పైకి పాకుతాయి. రైజోక్టోనియా శిలీంధ్రం దీనికి కారణం. దీని దగ్గర కాపలా ప్రోటీన్ల యుక్తి పారదు. అగ్గితెగులు శిలీంధ్రానికి బతికున్న కణం కావాలి కాబట్టి కణం చావు దానికి శిక్ష. రైజోక్టోనియా చచ్చిన కణాలనే తింటుంది, కణం చస్తే దానికి విందు. అందుకే దీన్ని పూర్తిగా అడ్డుకునే ఒక్క పెద్ద జన్యువు కూడా వరిలో ఇంతవరకు దొరకలేదు. 11వ క్రోమోజోము మీద తెతెప్ నుంచి గుర్తించిన చోట్లు కొంత మేలు చేస్తాయి, అంతే. ఈ శిలీంధ్రం కట్టే గింజల్లాంటి గట్టి ముద్దలు నీటి మీద తేలుతాయి. ఒక చేను నుంచి బోదెలోకి, బోదె నుంచి కింది చేలోకి కాలువ నీరే వాటిని మోసుకుపోతుంది. ఇక్కడ జన్యువు కంటే ముందు దూరం దూరంగా నాటడం, నత్రజనిని విడతలుగా, తగుమాత్రంగా వేయడం, గట్ల కలుపు తీయడం పనికొస్తాయి. గోధుమ రంగు మచ్చ తెగులు కూడా ఈ కోవలోదే. 1918, 1919లలో కృష్ణా, గోదావరి డెల్టాల్లో అది విజృంభించింది. 1942లో బెంగాల్ వరిని దెబ్బతీసి మరుసటేడు కరవుకు తోడైంది. పోషకాలు కొరవడిన నేలలో బలహీనపడిన పైరునే అది ఎక్కువగా పడుతుంది. కాబట్టి జన్యువులు అన్నిటికీ జవాబని నేను అనను. పైగా పాముపొడ సాక్ష్యం నా వాదననే ఇంకో దిక్కు నుంచి బలపరుస్తోంది. పై చేను రైతు పట్టించుకోకపోతే కింది చేను రైతు ఎంత జాగ్రత్తపడినా తప్పించుకోలేడు. కాలువ నీరు గట్టును లెక్కచేయదు, మంచు గాలి అంతకన్నా చేయదు.

కొత్త పనిముట్లు కూడా ఈ నేల రకాల మీదే పనిచేయడం మొదలుపెట్టాయి. 2025 మేలో కేంద్రం ప్రకటించిన జన్యు సవరణ వరి రకాలు రెండూ తెలుగు నేల బిడ్డలే. ఒకటి సాంబ మసూరి నుంచి వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 100, రెండోది మార్టేరు వారి కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010 నుంచి వచ్చిన పూసా డీఎస్టీ రైస్ 1. మొదటిది గింజల సంఖ్య కోసం, రెండోది కరవునూ చౌడునూ తట్టుకోవడం కోసం. తెగుళ్ళ కోసం చేసినవి కావు. అయినా మనకు ఇష్టమైన రకంలో అనుకున్న చోట ఒక్క జన్యువును మార్చే పని మన సంస్థలకు చేతనవుతుందని అవి చూపాయి. మొక్క రక్షణను నెమ్మదింపజేసే జన్యువులను ఇలా ఆపివేస్తే అగ్గితెగులు తగ్గుతుందని చైనాలో 2016లోనే చేసి చూశారు. పి21 పాఠాన్ని స్వర్ణలోకో దాళ్వా సన్నాల్లోకో తేవడం ఇప్పుడు ఊహ కాదు. ఈ పనిముట్టుతో మొదటిసారి బలమైన రకమొకటి వచ్చినప్పుడు జరగగల పెద్ద పొరపాటు, దాన్నే డెల్టా అంతటా ఒక్క ఏడాదిలో పరిచేయడం. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్ళు వదిలే తేదీని డెల్టా మొత్తానికి కలిపి నిర్ణయిస్తున్నాం, ఏ కాలువ కింద ముందు, ఏ శివారుకు వంతులవారీగా అని ముందే లెక్క వేస్తున్నాం. నారుమళ్ళు పోసేలోపు ఏ కాలువ కింద ఏ నిరోధక జన్యువులున్న విత్తనం ఎంత పాలు ఉండాలన్నది కూడా అదే సమావేశంలో, అదే పటం మీద తేల్చుకోవచ్చు. మార్టేరు శాస్త్రవేత్త, విత్తన సంస్థ అధికారి, మిల్లు యజమాని, నీటి సంఘం పెద్దతో పాటు కౌలు రైతు కూడా అక్కడ కూర్చోవాలి. తెగులు వచ్చిన ఏడాది బస్తాలు తగ్గేది ముందుగా అతనికే.